అత్త కాచిన పటిక నీళ్ళు

మా అత్త ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అన్నం తింటూ తింటూ లేచి పొయ్యి దగ్గర ఏదో సర్దేది. మాట్లాడుతూనే చీపురు అందుకునేది. అలాంటి మనిషి ఒక సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, పెరట్లో బట్టలుతికే బండ మీద కూలబడి, ఎంతకీ లేవలేదు.

అత్త మా నాన్న చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే కోయంబత్తూరులో మా ఇంటికి వచ్చేసి, మా నాన్న పనిచేసే మిల్లులోనే నూలు చుట్టలు చుట్టే రీలింగు పనికి చేరింది. ఎనభైల నాటి మాట ఇది. నేను కెమిస్ట్రీ డిగ్రీ చదివి, సూలూరు దారిలో ఒక అద్దకం ఫ్యాక్టరీ ల్యాబులో అప్పుడప్పుడే పనిలో చేరాను.

"ఏమైంది అత్తా?" అన్నాను.

"ఒగటీ లేదు కన్నూ. నీళ్ళు తోడు" అంది.

నేను తోడిపోస్తుంటే చేతులు రుద్దుకుంటూ చెప్పింది. "బస్సులో సీటు దొరికింది. ఎన్నడూ లేంది కూకున్నా. పక్కన పట్టుచీర కట్టినామె ఒకతె. నన్ను చూసి, కొంగు ముక్కుకి పెట్టుకోని, లేసి ముందరకి పోయి నిలబడింది. బస్సులో ఉండే జనమంతా నన్నే చూసినారు."

మిల్లు లోపల గాలి ఎప్పుడూ తడిగా ఉండాలి. గాలి పొడిబారితే నూలు తెగిపోతుంది. అందుకని కిటికీలు మూసేసి, పైనుంచి సన్నటి నీటి తుంపర చిమ్ముతూనే ఉంటారు. ఆ ఉక్కలో పట్టిన చెమట ఆరదు. దాని మీద దూది పొడి పేరుకుంటుంది. షిఫ్టు దిగాక మగవాళ్ళు గేటు పక్కనున్న నీళ్ళ తొట్టి దగ్గర ఒళ్ళు కడుక్కుని, చొక్కా మార్చుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ చెమటతోనే బస్సెక్కేవాళ్ళు.

మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఎన్ని తరాల కింద ఇక్కడికి వచ్చామో ఎవరికీ తెలియదు. బడి చదువంతా తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. అందుకే మా మాటల్లో సగం తమిళం దొర్లుతుంది. చెమటను వేర్వ అంటాం, మంటను ఎరిచ్చలు అంటాం, గబ్బును నాత్తం అంటాం. అత్త ఆ సాయంత్రం బస్సు గురించి అంతా చెప్పింది కానీ, నాత్తం అనే మాట మాత్రం నోట రానివ్వలేదు. ఒంటికి సబ్బు రాసింది, కడుక్కుంది, మళ్ళీ రాసింది. నేను చాలని చెప్పేదాకా ఆపలేదు.

తర్వాతి వారమే పటిక తెచ్చింది.

మంగలివాళ్ళు గడ్డం గీశాక గాటు పడ్డచోట పటిక రుద్దడం ఆమె ఎప్పుడో చూసింది. "రగతాన్ని ఆపేది వేర్వను ఆపదా?" అని నన్నడిగింది. ఆపుతుందన్నాను. పటికలో ఉండేది అల్యూమినియం లవణం. చర్మం మీద చెమట వచ్చే సన్నటి దారులను అది మూసేస్తుంది. అంగళ్ళలో అమ్మే చెమట మందుల్లో ఉండేదీ అల్యూమినియమే, వేరే రూపంలో. ఈ మాట చెప్పేసరికి అత్త ముఖం వెలిగిపోయింది. నాటుమందుల అంగట్లో పటిక గడ్డ కొని, దంచి, వేడినీళ్ళలో కరిగించి, కాస్త పన్నీరు కలిపింది. రెండు రోజుల తర్వాత పని నుంచి వచ్చి, వంటింట్లో నా ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

"చూడు. తడి ఉండాదా?"

రవిక చంకల దగ్గర పొడిగా ఉంది. మా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అత్త నవ్వలేదు. చేతులు అలాగే ఎత్తి పెట్టుకుని కాసేపు నిలబడింది.

మిల్లులో అత్తకు ఒక స్నేహితురాలు ఉండేది. మిల్లు వెనక వీధిలో ఉన్న క్రైస్తవుల ఇళ్ళలో మనిషి. ఆ వీధిలోనూ తెలుగే మాట్లాడతారు. అయినా మా వీధివాళ్ళు అటు భోజనానికి పోయేవాళ్ళు కాదు. అత్త పోయేది. ఆమెను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. చిన్నమ్మ పని వేస్టు దూది గదిలో. మిల్లు మొత్తంలో గాలి ఆడని చోటు అదే. పటిక నీళ్ళు అత్త తర్వాత వాడింది ఆమే. ఆమె చెబితే ఇంకొకరు, వాళ్ళు చెబితే మరొకరు. ఇంటికి సీసాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. అత్త ఊరికే పోసిచ్చేది.

అంతలో బోనసు తగాదా వచ్చి మిల్లు లాకౌటు చేశారు. గేటుకు తాళం పడింది. ఇంట్లో ఇద్దరి పనీ ఒక్కసారే ఆగిపోయింది. నాన్న యూనియన్ పందిట్లో కూర్చునేవాడు. అత్తకు కూర్చోవడం చేతకాదు కదా, పటిక నీళ్ళు కాచి అమ్మడం మొదలుపెట్టింది. చిన్న గిన్నె చాలక అటక మీది ఇత్తడి గంగాళం దించి, వీధిలోకి వచ్చిన మనిషి చేత లోపల తగరం పూతగా కళాయి పోయించింది. నాటుమందుల అంగడి పటిక ఖరీదని, అద్దకం సామాన్లు అమ్మే కొట్టు నుంచి గోతాం పటిక తెచ్చింది. తలనూనె సీసాలు కడిగి వాటిలో పోసేది. అడుగున తెల్లటి మడ్డి తేరేది. "బాగా కుదిపి పూసుకోండి, సారమంతా అడుగునే ఉండాది" అని ప్రతి ఒక్కరికీ చెప్పేది. పక్క మిల్లుల ఆడవాళ్ళు, బడిలో ఆయాలు, బట్టల కొట్లో నిలబడి పనిచేసే పిల్లలు, అందరూ కొనేవాళ్ళు. చిన్నమ్మ ఈలోగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. ఆమెకు మటుకు అత్త అడక్కముందే పెద్ద సీసా పంపేది.

వేసవి ముదిరాక నాకు చంకల్లో దురద మొదలైంది.

మొదట ఉక్కపోత అనుకున్నాను. ల్యాబులో రంగునీళ్ళు కొలుస్తూ మోచేయి ఒంటికి ఆనించి రుద్దుకునేదాన్ని. బస్సులో పైకమ్మీ పట్టుకుంటే మంట. రవిక విప్పి చూసుకుంటే ఎర్రగా, చిన్న చిన్న పొక్కులు. ఏ పనిమీదా మనసు నిలిచేది కాదు. ఎక్కడ కూర్చున్నా లేవాలనిపించేది. అమ్మకూ అలాగే ఉందని తర్వాత తెలిసింది. సీసా కోసం వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చేతులు దూరంగా పెట్టుకుని నడవడం చూశాను.

"అత్తా, ఈ నీళ్ళవల్లేమో" అన్నాను.

"ఎండాకాలం కన్నూ. బిగుతు రవికలు. మొన్నటిదాకా ఇదే నీళ్ళు కదా, అప్పుడు యాల రాలేదు?"

నన్ను నిలవనీయకుండా చేసింది ఆ మాటే. అప్పుడు ఎందుకు రాలేదు? మరి ఇప్పుడు మారిందేమిటి?

ఒక ఆదివారం సీసా ఇచ్చి రమ్మంటే చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, జడలో పూలు ఉన్నాయి. నా ముందే రవిక హుక్కులు తీసి, సీసా కుదిపి, గుడ్డ తడుపుకుని చంకలో అద్దుకుంది. పళ్ళు బిగపట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆసుపత్రిలో శుభ్రంగా ఉండాలన్నారని బ్లేడుతో గీసుకునేదట. గీసిన చోటంతా తోలు లేచి, పచ్చిగా ఉంది.

"చిన్నమ్మా, ఇది పుండు. దీనిమీద పూసుకుంటారా?"

"ఎరిచ్చలు ఉంటాది. కాసేపటికి తగ్గుతాది" అంది.

"మానెయ్యండి. మానితే మానుతుంది."

రవిక సరిచేసుకుంటూ ఆమె నా వైపు చూసింది. "మంట నాకొక్కదానికే తెలుస్తాది పాపా. నాత్తం అందరికీ తెలుస్తాది. ఆ మాట నువ్వు ఒకసారి పడుంటావేమో. మా వీధోళ్ళం పుట్టినప్పట్నుంచీ పడతానే ఉండాం. ఇప్పుడు నర్సమ్మలు నా పక్కన నిలబడి మాట్లాడతారు. మానెయ్యమంటావా?"

ఇంటికి వచ్చాక ఎవరినీ అడగకుండా గంగాళంలోని నీళ్ళు కొన్ని, అడుగు మడ్డి కొంత రెండు సీసాల్లో పట్టుకుని, మర్నాడు ల్యాబుకు తీసుకుపోయాను.

మా ల్యాబులో పెద్ద పరికరాలేమీ లేవు. బ్లీచింగు నీళ్ళు పరీక్షించడానికి పొటాషియం అయోడైడు మాత్రం ఉండేది. సీసం ఉంటే దానితో పసుపు రంగు తేలుతుందని కాలేజీలో చదివాను. అత్త నీళ్ళను సగానికి పైగా ఇగిరేదాకా మరగబెట్టి, చల్లార్చి, ఆ మందు చుక్క వేశాను. లేత పసుపు వచ్చింది. నాటుమందుల అంగడి పటికను కొని తెచ్చి, అలాగే కరిగించి వేశాను. దానిలో ఏ రంగూ లేదు.

మా ల్యాబు పెద్ద కెమిస్టు మధురై నుంచి వచ్చినాయన. ఇంట్లో తెలుగే. పరీక్షనాళిక వెలుతురుకు పెట్టి చూశాడు.

"సీసమే అని ఎట్ల చెప్తావమ్మా? మురికి పటికలో ఇనుము ఉంటాది. ఇనుముకీ ఈ పసుపు వస్తాది. గంజి వేసి చూడు" అన్నాడు.

గంజి నీళ్ళు వేస్తే నీలం తిరిగింది. అంటే ఇనుము ఉంది. సీసం కూడా ఉందా, లేదా? ఈ పరీక్షతో చెప్పలేం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన నా మోచేయి వైపు చూశాడు, నేను తెలియకుండానే రుద్దుకుంటున్నాను. అత్త గంగాళం, చిన్నమ్మ పుండు, నా పొక్కులు, అంతా చెప్పాను. ఊళ్ళో ఆయన స్నేహితుడు పనిచేసే ల్యాబులో లోహాలను విడివిడిగా కొలిచే యంత్రం ఉందని, రెండు సీసాలూ అక్కడికి పంపించాడు.

ఫలితం వచ్చేదాకా నేను ఇంట్లో ఉండలేకపోయాను. అత్త గంగాళం పొయ్యి మీద పెడుతుంటే పెరట్లోకి పోయేదాన్ని. ఎవరైనా సీసాతో వస్తే లోపలికి పోయేదాన్ని. ఈలోగా గోతాంలో చేయి పెట్టి చూశాను. తెల్లటి గడ్డల మధ్య అక్కడక్కడా ఊదారంగు పలుకులు దొరికాయి. మా అద్దకంలో వాడే క్రోమియం పటిక రంగు అది. కొట్టువాడు గోతాలు దులిపి కలిపేసి ఉంటాడు.

యంత్రం ఫలితం పెద్ద కెమిస్టు నోటిమాటగా చెప్పాడు. నీళ్ళలో క్రోమియం ఉంది. కొద్దిగా రాగి, నికెలు ఉన్నాయి. సీసం నీళ్ళలో కొంచెమే, మడ్డిలో బాగా ఎక్కువ. పటిక నీళ్ళలో సీసం పెద్దగా కరగదు, అడుగున తేరుతుంది. కుదిపి పూసుకోమన్నది ఆ మడ్డినే.

"ఇంత సీసం ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?"

"కళాయి ఎవరు పోసినారు? తగరం ఖరీదు. సీసం కలిపి పోస్తారు కొందరు. పటిక నీళ్ళు పుల్లన కదా, దాన్ని గీరి తీస్తాది."

"ఒంట్లోకి పోతుందా?"

"బాగుండే తోలు పెద్దగా లోపలికి పోనివ్వదు. గీసుకోని, పుండు చేసుకోని, దాని మీద పూస్తే ఎంత పోతాదో నేను చెప్పలేను. అంగడి సరుకుకైతే ఇంతకి మించకూడదని హద్దు ఉంటాది. గంగాళంలో కాచినదానికి హద్దు ఎవరు పెడతారు? నీ పొక్కులు మాత్రం క్రోమియం, నికెలు వల్లే అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు, అంతే."

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో సీసాలు నింపుతోంది. చెప్పాను. వినలేదు.

"మీ మిషను బస్సెక్కిందా? వేస్టు గదిలో నిలబడిందా? ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేస్తావుండాను, అది నువ్వు ఓర్వలేకుండావు" అంది. గరిటె విసిరికొట్టింది. నేను ఊదా పలుకులు అరచేతిలో పెట్టి చూపించాను. గంగాళం అడుగు గోకి చూపించాను. పోసి మూడు నెలలైనా కాని కళాయి అప్పటికే మచ్చలు మచ్చలుగా లేచిపోయి, కింద ఇత్తడి కనపడుతోంది.

"ఇదంతా యాడికి పోయింది?" అంది అత్త. గొంతు తగ్గింది.

"నీళ్ళలోకి."

"నీళ్ళు యాడికి పోయినాయి?"

అత్త రవిక చేతులు కొంచెం పైకి లాగింది. ఆమెకూ పొక్కులు ఉన్నాయి. ఇన్నాళ్ళూ దాచింది.

గంగాళం అక్కడికక్కడే ఒంపేసింది. మర్నాటి నుంచి నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "నా నీళ్ళలో సీసం ఉండాదంట. పూసుకోవద్దండి. సీసా తిరిగియ్యండి" అని ఆమే చెప్పేది, నన్ను చెప్పనిచ్చేది కాదు. కొందరు భయపడి ఇచ్చేశారు. కొందరు తిట్టారు. ఒకామె తనకు బాగానే ఉంది, ఇవ్వనని తలుపు వేసేసుకుంది. చిన్నమ్మ ఇచ్చే మనిషి కాదని మాకు తెలుసు. ఆమె ఇంటికి చివర్న పోయాం.

"వేండాం అక్కా, నన్ను బలవంతం చెయ్యద్దు" అని ఆమె సీసా కొంగులో చుట్టుకుంది. అత్త లాక్కుంది. ఇద్దరూ పెనుగులాడారు. సీసా గుమ్మానికి తగిలి పగిలింది. పన్నీరు వాసన ఇల్లంతా నిండింది. చిన్నమ్మ తలుపు చూపించింది, వెళ్ళమని.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. చిన్నమ్మకు చంకలో పెద్ద గడ్డ లేచింది, జ్వరం, చేయి దించలేకపోతోంది. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే పడుకోబెట్టారు. డాక్టరమ్మ గడ్డలోకి సూది పెట్టి తీసి పరీక్షకు పంపింది. ఏ జబ్బో చూడాలి, ఫలితం వచ్చేదాకా ఏమీ అనలేం అంది. ఏ జబ్బు అని ఎవరమూ పైకి అడగలేదు.

అత్త వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది. బెంచీ మీద కూర్చోమంటే కూర్చుని వెంటనే లేచేది. "నా నీళ్ళతోనే కదా ఇది?" అని నన్నడిగేది. తెలియదు అనేదాన్ని. "చదువుకున్నావు కదా, చెప్పు" అనేది. నిజంగానే నాకు తెలియదు. లోహాల పేర్లు తెలుసు, అవి ఏ సీసాలో ఎంత ఉన్నాయో తెలుసు. ఒక మనిషి చంకలో ఏం చేశాయో తెలియదు. ఆ వరండాలో నాకు దురద ఎక్కువైంది. నేనూ అత్త వెనకే నడవసాగాను.

ఫలితం మేం భయపడినది కాదు. చీము పట్టిన గడ్డ. గీసుకున్న పుండులో నుంచి క్రిములు లోపలికి పోయాయని డాక్టరమ్మ చెప్పింది. కోసి చీము తీశారు. సీసం సంగతి నేను అడిగితే, రక్త పరీక్ష ఇక్కడ లేదు, ఇక పూసుకోకుండా ఉంటే చాలు అంది. నాకు చాల్లేదు. కానీ అడగడానికి ఇంకెవరూ లేరు.

అత్త లోపలికి వెళ్ళి మంచం కాళ్ళ దగ్గర నిలబడింది.

"పిల్లా, తప్పు నాది" అంది.

"నువ్వు చెప్పినాక కూడా పూసుకున్నాను, పాత సీసా ఇంకోటి దాచిపెట్టి" అంది చిన్నమ్మ. తర్వాత తలగడ మీద తల తిప్పుకుని అడిగింది, "సరి అక్కా. ఇప్పుడు ఏం చెయ్యాల నేను? నాత్తానికి?"

నేను ఏదో చెప్పబోయాను, మందుల షాపు పటిక, పలచగా, పుండు లేనప్పుడు అని. ఆమె బాగున్న చేయెత్తి ఆపింది. "పోదుం పాపా, చాలు. ఇంకో సీసా వేండాం."

లాకౌటు వానాకాలంలో తెమిలింది. పని మొదలయ్యే ముందు గేటు దగ్గర మీటింగు పెట్టారు. నాన్నతోపాటు నేనూ వెళ్ళాను. బోనసు, సెలవులు, క్యాంటీను, అన్నీ మాట్లాడుకున్నారు. ఇంకేమైనా ఉందా అని నాయకుడు మొక్కుబడిగా అడిగాడు. ఆడవాళ్ళ వరుసలోంచి చిన్నమ్మ లేచింది. భుజానికి కట్టు ఇంకా ఉంది. తమిళంలో మాట్లాడింది.

"మగవాళ్ళకు తొట్టి ఉంది. షిఫ్టు దిగి ఒళ్ళు కడుక్కుని, బట్ట మార్చుకుని పోతారు. మేమూ ఆ తడిలోనే ఎనిమిది గంటలు నిలబడతాం. మాకు నాలుగు గోడలు, ఒక కొళాయి కావాలి. అది లేక చంకలో విషం పూసుకున్నాం."

ఎవరో నవ్వారు. అత్త లేచింది. బస్సులో జరిగింది అందరి ముందూ చెప్పింది. పట్టుచీర, కొంగు, జనం చూపు, ఏదీ దాచలేదు. పెరట్లో నాకు చెప్పలేకపోయిన ఆ మాట కూడా గట్టిగా అనేసింది. నవ్విన మనిషి తల దించుకున్నాడు. మా నాన్న చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు, గది ఇస్తామని మాటిచ్చేదాకా లోపలికి అడుగుపెట్టేది లేదన్నారు.

ఆ మాట అమలు కావడానికి మరో వేసవి పట్టింది. పాత స్టోరు గదిని రెండుగా చేసి, గచ్చు వేసి, కొళాయిలు పెట్టారు. నీళ్ళు కొన్ని రోజులు వచ్చేవి, కొన్ని రోజులు వచ్చేవి కావు. రానప్పుడల్లా అత్త ఆఫీసు ముందు నిలబడి అరిచేది. చిన్నమ్మ ఆసుపత్రి పని మానేసి మళ్ళీ వేస్టు గదికి వచ్చింది. ఆ చంకలో మచ్చ మిగిలిపోయింది, చేయి పూర్తిగా పైకెత్తలేకపోయేది.

నా పొక్కులు ఆ వానల్లోనే మానాయి. దురద మాత్రం చాలాకాలం, ఏమీ లేకపోయినా వచ్చేది. కొత్తగా ఏ పౌడరు డబ్బా, ఏ చెమట మందు చేతికొచ్చినా, వెనక్కు తిప్పి ఏమేం కలిపారో చదువుతాను. కలిపినవే రాస్తారు, కలిసిపోయినవి రాయరు. అది తెలిసీ చదువుతాను.

గది తెరిచిన రోజు అత్త తడి జుట్టుతో ఇంటికి వచ్చింది. లోపల తోపులాట జరిగిందని, ఎవరి సబ్బో కాలువలో పడి పోయిందని, చిన్నమ్మ వీపు తానే రుద్దానని చెబుతూ, వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, నిలబడే అన్నం తినేసింది.